పెద్ద స్కేల్ స్పిట్‌ఫైర్: ఏ కిట్, ఏ రంగు, డబ్బు ఎక్కడ పెట్టాలి?

1/48లో, అంటే అసలు విమానంలో 48వ వంతు సైజులో, నాలుగైదు ప్లాస్టిక్ మోడల్ విమానాలు చేసి చేయి తిరిగాక ఎవరికైనా పెద్దదాని మీదికి మనసు పోతుంది. అది కూడా ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ మీదికే పోతుంది. కిట్లు (మనమే అతికించుకునే భాగాల డబ్బాలు) చాలా ఉన్నాయి, ఫొటోలకి లోటు లేదు. విమానాల గురించి ఏమీ తెలియని చుట్టాలు కూడా ఆ రెక్క ఆకారం చూసి “ఇది ఎక్కడో చూశామే” అంటారు. అందుకే ఈ పోలికంతా స్పిట్‌ఫైర్ మార్క్ 9 (తొమ్మిదో రకం) చుట్టూనే పెట్టాను. వేరే విమానం చేస్తున్నవాళ్లకి కూడా ఇందులో చాలాభాగం పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న స్కేల్‌లో కిట్‌లో లేని వివరాన్ని మనమే జోడించుకోవాలి. 1/32, 1/24 దగ్గరికి వచ్చేసరికి వివరం చాలావరకు డబ్బాలోనే ఉంటుంది. అక్కడ మన పనితనాన్ని పట్టిచ్చేది రంగు. అయినా అలవాటు కొద్దీ డిటెయిల్ సెట్ల (విడిగా అమ్మే అదనపు చిన్న భాగాల) మీద ధారాళంగా ఖర్చు పెట్టి, రంగులు, మాస్కుల (రంగు పడకూడని చోటు కప్పే ముక్కల) దగ్గర పిసినారితనం చూపిస్తుంటాం. నేనైతే ఆ లెక్క తిరగేస్తాను.

1/32నా, 1/24నా?

అసలు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. అది 1/48లో 23 సెంటీమీటర్లు, 1/32లో 35, 1/24లో 47 అవుతుంది. పొడవు 1/32లో దాదాపు 30 సెంటీమీటర్లు, 1/24లో దాదాపు 40. మన ఇళ్లలో పుస్తకాల అర లోతు 30 సెంటీమీటర్లు దాటడం అరుదు. 1/32 అందులో ఇరుకుగానైనా సర్దుకుంటుంది. 1/24కి గాజు పెట్టె చేయించుకోవాల్సిందే, ఎందుకంటే మన దుమ్ముకి బయట పెట్టిన మోడల్ ఏడాది తిరగకుండానే రంగు మారినట్టు కనిపిస్తుంది. పెట్టడానికి చోటు చూసుకున్నాకే డబ్బా కొనండి.

కిట్ల సంగతికొస్తే ప్రధానంగా మూడు. టమియా 1/32 మార్క్ 9 2009లో వచ్చింది. ఇన్నేళ్లయినా భాగాలు అతికే తీరులో దానికి సాటి తక్కువ. స్పిట్‌ఫైర్‌లో ఉండే మెర్లిన్ ఇంజిన్ మొత్తం ఉంటుంది, ఇంజిన్ మూతలు అయస్కాంతాలతో అంటుకుంటాయి, కాబట్టి తీసి చూపించి మళ్లీ పెట్టొచ్చు. రెవెల్ 1/32 మార్క్ 9 2017లో వచ్చింది. ధరలో చాలా తక్కువ, ఇంజిన్ ఉండదు, భాగాలూ తక్కువే. ఎయిర్‌ఫిక్స్ 1/24 మార్క్ 9 2022లో వచ్చింది. ఇంజిన్ ఉంది, పరిమాణంలో ఈ మూడింటిలో ఇదే పెద్దది.

మొదటిసారి పెద్ద స్కేల్ చేస్తుంటే, మీ ఆసక్తి రంగుల మీదైతే, రెవెల్ కొనండి. మిగిలిన డబ్బుతో మంచి రంగులు, మాస్కులు వస్తాయి. అతుకుల దగ్గర కాస్త పుట్టీ, ఎమరీ పేపర్ పని ఎక్కువ ఉంటుంది, అంతే. నిర్మాణమే మీకు సరదా అయితే టమియా. ఎయిర్‌ఫిక్స్ చూడగానే నోరూరిస్తుంది, కానీ దానికి పట్టే రంగు, చోటు, ఓపిక అన్నీ ఎక్కువే. రెండో పెద్ద మోడల్‌గా తీసుకుంటే దాని విలువ తెలుస్తుంది.

ఒక మాట. ఇంజిన్ మూతలు మూసే పెడతాననుకుంటే ఇంజిన్‌కి వైర్ల సెట్టు కొనడం బూడిదలో పోసిన పన్నీరే. నేను మూసి పెట్టే పక్షమే. స్పిట్‌ఫైర్ అందమంతా ముక్కు నుంచి తోక దాకా తెగకుండా సాగే ఆ గీతలో ఉంది.

కాక్‌పిట్‌లో కంటికి కనిపించేదెంత?

స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ చాలా ఇరుకు. పైలట్ తల పైనుండే పారదర్శక పందిరి వెనక్కి జరిపి, ఎడమవైపు చిన్న తలుపు దించి పెట్టినా పై నుంచి కనిపించేవి నాలుగే: డయల్స్ ఉన్న ప్యానెల్, సీటు, బెల్టులు, గుండ్రటి పట్టు ఉన్న కంట్రోల్ కాలమ్. పైలట్ మోకాళ్ల కిందికి చీకటి. అసలు విమానంలోనే అక్కడ పూర్తి నేల ఉండదు, కాలు ఆనించే పట్టీలు మాత్రమే ఉంటాయి. డబ్బు ఆ నాలుగింటి మీదే పెట్టాలి.

ప్యానెల్‌కి మూడు దారులున్నాయి. కిట్‌లో ఇచ్చిన డెకాల్స్‌తో (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి బొమ్మలతో) సరిపెట్టుకోవడం, ఎడ్వార్డ్ లాంటి సంస్థల రంగు వేసిన ఫొటో ఎచ్ రేకులు (రసాయనంతో చెక్కిన పల్చటి లోహపు ముక్కలు), క్వింటా స్టూడియో తరహా త్రీడీ డెకాల్స్. 1/72, 1/48లో నేను ఫొటో ఎచ్‌కే ఓటేస్తాను. పెద్ద స్కేల్‌లో మాత్రం వద్దంటాను. సుమారు 8 సెంటీమీటర్ల డయల్ 1/32లో రెండున్నర మిల్లీమీటర్లు, 1/24లో దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ సైజులో అచ్చు చుక్కలు కంటికి దొరికిపోతాయి. గుండ్రంగా ఉండాల్సిన మీటలు, బొత్తాలు రేకు ముక్కల్లా చదునుగా కనిపిస్తాయి. త్రీడీ డెకాల్‌లో బొత్తాలకి ఎత్తు ఉంటుంది, డయల్ మీద గాజు మెరుపు కూడా వచ్చేస్తుంది. కింద కొంచెం తెల్ల గమ్ము రాసి అతికిస్తే పని అయిపోతుంది.

దీనితో ఒకటే తంటా. పక్క గోడల భాగాలు కూడా ఆ సెట్టులో వస్తే వాటి మీది ఆకుపచ్చ, మీరు వేసిన ఆకుపచ్చ ఒకటి కావు. సెట్టు ముందు తెప్పించుకుని దాని పక్కన పెట్టుకుని రంగు కలుపుకోండి. మిస్టర్ కలర్ బ్రాండు 364 నంబరు రంగు బ్రిటిష్ కాక్‌పిట్ గ్రే గ్రీన్‌కి మంచి మొదలు. అక్కడి నుంచి ఒకటి రెండు చుక్కల తేడాతో సెట్టుకి దగ్గర చేయొచ్చు.

రెసిన్‌తో అచ్చు పోసి విడిగా అమ్మే కాక్‌పిట్ మొత్తం కొనాలా? టమియా కిట్‌కి అక్కర్లేదు. లోపలి ప్లాస్టిక్ గోడలు కోసి పల్చన చేయాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఆఖరికి పైభాగం మూతపడకపోతే తల ప్రాణం తోకకొస్తుంది. రెసిన్ కావాలనుకుంటే సీటు ఒక్కటీ తీసుకోండి. బెల్టులకి మాత్రం హెచ్‌జీడబ్ల్యూ వాళ్ల బట్ట బెల్టులు. బకిల్స్‌లో పట్టీ దూర్చడానికి ఒక సాయంత్రం పట్టొచ్చు, కానీ భుజం మీంచి సీటు అంచు దాకా జారినట్టు పడుకునే ఆ తీరు రేకు బెల్టుకి రాదు.

సీటు రంగు గురించి కాస్త చెప్పాలి. స్పిట్‌ఫైర్‌లో చాలావాటికి సీటు లోహం కాదు, ఎర్రటి గోధుమ రంగులో ఉండే అచ్చు పోసిన మిశ్రమ పదార్థం. వీపు దగ్గర తోలు మెత్త ఉంటుంది. చాలామంది దాన్ని కూడా ఆకుపచ్చ చేసేసి అంచుల్లో వెండి రంగు గీకుతారు. ఎర్ర గోధుమ వేసి, ఆరాక నూనె రంగుల్లో ముదురు గోధుమ చాలా పల్చగా తుడిచి, కూర్చునే చోట కొద్దిగా మెరుపు వార్నిష్ అద్దితే చాలు. అరిగిన చోట లేత గోధుమ రావాలి, వెండి కాదు.

రంగు: ఇక్కడే అసలు నిర్ణయం

రంగుల్లో ఏది మంచిదని అడిగితే ఎవరి బ్రాండు వాళ్లు చెబుతారు. పెద్ద స్కేల్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: టేపు పీకితే నిలుస్తుందా లేదా?

ఎందుకంటే ఈ మోడల్ మీద ఒకే చోట ఎన్నిసార్లు టేపు పడుతుందో చూడండి. కింది బూడిద రంగుకీ పై రంగులకీ మధ్య ఒకసారి. కామఫ్లాజ్‌కి (శత్రువు కంట పడకుండా పైన వేసే రెండు రంగుల నమూనాకి) ఒకసారి. రెక్క ముందు అంచు పసుపు పట్టీకి ఒకసారి. తోక దగ్గర స్కై రంగు పట్టీకి ఒకసారి. గుర్తులు కూడా స్ప్రే చేస్తే మరో రెండు మూడుసార్లు. వీటిలో ఏ ఒక్కసారి కింది పూత ఊడివచ్చినా పెద్ద స్కేల్‌లో దాన్ని దాచడం కష్టం, అతుకు వేసిన చోటు వెలుతురులో పట్టేస్తుంది.

వాలెహో మోడల్ ఎయిర్ లాంటి నీటి రంగులు ఈ పరీక్షలో వెనకబడతాయి. వాసన లేదు, పిల్లలున్న ఇంట్లో నిశ్చింత, చేతి బ్రష్‌తో చిన్న భాగాలకి హాయి. కానీ అవి ప్లాస్టిక్‌ని కరుచుకోవు, పైన పొరలా ఆరతాయి. ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) సరిగా లేకపోతే టేపుతో పాటు పాల మీద మీగడలా లేచి వస్తాయి. పైగా మే నెల ఎండలో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పరికరం) సూది కొన దగ్గరే ఆరిపోయి తుంపర్లు కొడతాయి. ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలిపితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మిస్టర్ కలర్, ఎంఆర్‌పీ, ఏకే రియల్ కలర్స్, టమియా ఎల్‌పీ వంటి లాకర్ రంగులు (ఘాటైన థిన్నర్‌తో పల్చన చేసేవి) ప్లాస్టిక్‌ని కొద్దిగా కరిగించి పట్టుకుంటాయి. పల్చగా పడతాయి, అరగంటలో టేపుకి సిద్ధం. పల్చదనం ఎందుకంటే, 1/32లో అర మిల్లీమీటరులో పదో వంతు మందం నిజం విమానం మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల పైపూతతో సమానం. టమియా కిట్‌లోని సన్నటి రివెట్ గుంటలు రెండు మందపు కోట్లకే పూడిపోతాయి.

వీటి మధ్యలో టమియా ఎక్స్‌ఎఫ్ సీసాలున్నాయి. పేరుకి యాక్రిలిక్, కానీ మిస్టర్ లెవెలింగ్ థిన్నర్‌తో కలిపితే దాదాపు లాకర్‌లా ప్రవర్తిస్తాయి. స్పిట్‌ఫైర్‌కి కావాల్సిన మూడూ వరసగా ఉన్నాయి: ఎక్స్‌ఎఫ్-81 డార్క్ గ్రీన్, 82 ఓషన్ గ్రే, 83 మీడియం సీ గ్రే. 1941 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లోని పగటి ఫైటర్లకి వేసిన రంగులు ఇవే. మన దగ్గర దొరికేదాన్నీ గట్టిదనాన్నీ కలిపి చూస్తే నా మొదటి ఎంపిక ఇదే. మిస్టర్ కలర్ దొరికితే 361, 362, 363 తీసుకోండి. అసలు ఓషన్ గ్రే ఎంత నీలంగా ఉండేదన్న వాదనలోకి దిగొద్దు. మూడు రంగులూ ఒకే బ్రాండువి తీసుకుంటే వాటి మధ్య తేడా సరిగ్గా ఉంటుంది, కన్ను చూసేది ఆ తేడానే. ఆకుపచ్చ ఒకరిది, బూడిద ఒకరిది కలిపినప్పుడే మోడల్ ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

హంబ్రోల్ ఎనామెల్స్ చేతి బ్రష్‌కి బాగుంటాయి. పెద్ద రెక్కలకి మాత్రం వద్దు. నెమ్మదిగా ఆరతాయి, ఆలోగా దుమ్మంతా అంటుకుంటుంది. తరవాత వైట్ స్పిరిట్‌తో ప్యానెల్ గీతలకి (విమానం రేకులు కలిసే చోటి గీతలకి) వాష్ చేసేటప్పుడు, అంటే పల్చటి ముదురు రంగు పారించేటప్పుడు, కింది రంగే కరిగి వస్తుంది. ఎనామెల్, నూనె రంగులు ఎప్పుడూ పైన ఉండాలి, కింద లాకర్ ఉండాలి.

ఎయిర్‌బ్రష్ లేనివాళ్లకి టమియా ఏఎస్ స్ప్రే డబ్బాలున్నాయి. ఏఎస్-9, 10, 11 సరిగ్గా ఈ మూడు రంగులే. పూత కాస్త మందంగా పడుతుంది, అయినా 35 సెంటీమీటర్ల రెక్కని చేతి బ్రష్‌తో నింపడం కంటే ఎన్నో రెట్లు మేలు.

ఎంత కొనాలి? 1/72తో పోలిస్తే 1/32కి రంగు పట్టే చోటు అయిదు రెట్లు, 1/24కి తొమ్మిది రెట్లు. 10 మిల్లీలీటర్ల సీసా ఒక్కటితో మొదలుపెట్టి సగంలో ఆగిపోతే మళ్లీ తెప్పించేలోపు పని పాడవుతుంది. ముందే రెండేసి తీసుకోండి. అమెరికా నుంచి వచ్చే తమ్ముడో వదినో సూట్‌కేసులో కిట్ తేగలరు. రంగులు, థిన్నర్లు మండే సరుకు, విమానంలో సామానుతో పెట్టకూడదు. వాటిని ఇక్కడి హాబీ దుకాణాల్లోనే చూసుకోవాలి. కాబట్టి రంగు దొరుకుతుందో లేదో చూసి బ్రాండు నిర్ణయించుకోండి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ మీద చాలామందికి కన్ను పడుతుంది. ఎయిర్‌బ్రష్ లోహపు భాగాలు కడగడానికి అది భేషుగ్గా ఉంటుంది. రంగులో మాత్రం కలపొద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఇంకో విషయం, లాకర్ వాడితే కిటికీలోంచి గాలి బయటికి లాగే ఫ్యాను, ముక్కుకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ఆవిరిని పట్టే డబ్బీ) ఉన్న మాస్కు తప్పనిసరి. ఎన్95 దుమ్ముని ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. ఈ రెండూ పెట్టుకోలేని ఫ్లాట్‌లో ఉంటే, మంచి ప్రైమర్ బయట కొట్టుకుని నీటి రంగులతోనే చేసి, గుర్తులకి డెకాల్స్ వాడండి. టేపు పని తగ్గించుకున్నట్టు అవుతుంది.

వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వైపు, లాకర్ మీద తెల్లటి మసక వస్తుంది. గాలిలో తడి పూతలో చిక్కుకోవడమే కారణం. కంప్రెసర్‌కి తేమ ఫిల్టరు పెట్టండి, ముసురు పట్టిన రోజు పైపూతలు కొట్టకండి. లెవెలింగ్ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మదింపజేసే పదార్థం ఉంటుంది కాబట్టి అది వేసవికీ వానకీ పనికొస్తుంది.

కామఫ్లాజ్ అంచు: మాస్కా, చేత్తోనా?

ఎయిర్‌బ్రష్‌తో చేత్తోనే మెత్తటి అంచు తీయడం చిన్న స్కేల్‌లో గొప్పగా అనిపిస్తుంది. లెక్క వేస్తే అది పెద్ద స్కేల్‌లో తప్పు. అసలు విమానం మీద అంచు 2.5 సెంటీమీటర్లు మసకగా ఉందనుకున్నా, 1/32లో అది 0.8 మిల్లీమీటర్లు, 1/24లో ఒక మిల్లీమీటరు. 0.3 మిల్లీమీటర్ల సూదితో చేత్తో కొడితే సులువుగా మూడు నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. అంటే అసలు విమానం మీద ఒక అంగుళం కాదు, దాదాపు మూడు నుంచి అయిదు అంగుళాల మసక.

బ్లూ టాక్ లాంటి మెత్తటి బంకమట్టిని పెన్సిల్ లావులో తాడులా చుట్టి, నమూనా గీత మీద పెట్టి, ఎయిర్‌బ్రష్‌ని నిట్టనిలువుగా పట్టుకుని కొట్టండి. పక్కకి వాలిస్తే అంచు కిందికి రంగు దూరుతుంది. కాగితం మాస్కులు ఇంకా బిగువైన అంచునిస్తాయి. 1/24కి నేను తాడునే ఇష్టపడతాను, 1/32కి రెండూ సరే. 0.2 సూది కొనాల్సిన పని లేదు. ఉన్న డబ్బుతో ప్రైమర్‌కీ వార్నిష్‌కీ 0.5 సూది ఉన్న రెండో ఎయిర్‌బ్రష్ కొనుక్కుంటే మేలు.

గుర్తులు: డెకాల్సా, మాస్కులా?

ఇందులో నాకు సందేహం లేదు. పెద్ద గుర్తులు మాస్కులతో, సన్నటి అక్షరాలు డెకాల్స్‌తో.

రెక్క పైన ఉండే ఎరుపు-నీలం వలయం అసలు విమానం మీద 56 అంగుళాలు. 1/32లో అది 4.4 సెంటీమీటర్లు, 1/24లో దాదాపు 6. అంత పెద్ద డెకాల్ రివెట్ గీతల మీద కూర్చోవాలంటే డెకాల్‌ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్‌తో కుస్తీ పట్టాలి. కూర్చున్నా దాని మెరుపు చుట్టుపక్కల రంగుతో కలవదు. అదే స్ప్రే చేస్తే కింది రివెట్లు అలాగే ఉంటాయి, తరవాత ఎండకి వెలిసినట్టు చేయాలన్నా విమానం రంగుతో పాటే చేయొచ్చు.

మాంటెక్స్ వంటి కోసి ఉన్న మాస్కులు తేలిక దారి. అవి దొరక్కపోతే వలయాలకి వృత్తాలు కోసే కట్టరు, టమియా టేపు చాలు. స్క్వాడ్రన్ (విమాన దళం) అక్షరాలు 24 అంగుళాల ఎత్తు, 1/32లో 1.9 సెంటీమీటర్లు, స్టీలు స్కేలు పెట్టి బ్లేడుతో కోసుకోవచ్చు. బండ్లకి స్టిక్కర్లు వేసే రేడియం షాపులో మిషన్ మీద కోయించొచ్చు, కానీ వాళ్ల వినైల్ జిగురు మరీ గట్టిది. మీ పసుపు మాస్కింగ్ టేపు షీటు తీసుకెళ్లి దాని మీద కోయమనండి, లేదా వినైల్‌ని రెండు మూడుసార్లు బట్టకి అంటించి జిగురు చంపాక వాడండి.

భారతీయ విమానమే కావాలనుకునేవాళ్లకి మంచి దారి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బర్మా వైపు మన 8వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ మార్క్ 8లు నడిపింది. టమియా 1/32లో మార్క్ 8 కూడా చేసింది. పైన డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్, కింద మీడియం సీ గ్రే. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరబడకుండా ఆ ప్రాంతంలో వలయం నుంచి ఎరుపు తీసేశారు. మిగిలేది ముదురు నీలం, లేత నీలం రెండు వలయాలే. మాస్కులతో మొదటిసారి గుర్తులు వేసేవాళ్లకి ఇంతకంటే సులువైనది దొరకదు.

పాతదనం, ఆఖరి పూత

ప్యానెల్ గీతల్లో నల్ల వాష్ వద్దు. ముదురు బూడిదలో గోధుమ కలిపినది చాలు. అడుగు పూతగా నలుపు కొట్టి పైన మచ్చలు మచ్చలుగా రంగు నింపే పద్ధతి పెద్ద రెక్కల మీద బాగుంటుంది, ఖాళీ మైదానంలా కనిపించే వెడల్పుని విడగొడుతుంది. రంగు లేచిన మచ్చలు ఎడమ రెక్క మొదట్లో, పైలట్ ఎక్కే చోట పెట్టండి. తోక మీద కదిలే రడ్డర్, ఎలివేటర్ల మీద వెండి మచ్చలు పెట్టొద్దు, అవి బట్ట కప్పినవి. రెక్కల వెనక అంచున కదిలే ఐలరాన్‌లు మార్క్ 9లో లోహమే కాబట్టి అక్కడ పర్వాలేదు.

ఆఖరి వార్నిష్ పూర్తి మ్యాటా (మెరుపు లేనిది), సెమీ గ్లాసా (కొద్దిగా మెరిసేది)? చిన్న స్కేల్‌లో అందరం పూర్తి మ్యాట్ కొడతాం. మార్క్ 9 వచ్చే కాలానికి బ్రిటిష్ వాళ్లు వేగం కోసం నున్నటి పూతకి మారారు, అందుకే ఫొటోల్లో శుభ్రంగా ఉంచిన విమానాలు కొద్దిగా నిగనిగలాడతాయి. సెమీ గ్లాస్‌లో మూడో వంతు మ్యాట్ కలిపి, ముందు పాత ప్లాస్టిక్ ముక్క మీద కొట్టి, ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ వెలుతురులో చూడండి. కిటికీ చట్రం ఆకారం అందులో తెలిస్తే మెరుపు ఎక్కువైనట్టు, ఇంకొంచెం మ్యాట్ పోయండి. వెలుతురు మాత్రమే మసకగా ప్రతిఫలిస్తుంటే అదే కలయికతో మొత్తం కొట్టేయండి. రడ్డర్, ఎలివేటర్లకి మాత్రం ఇంకాస్త మ్యాట్ ఉండాలి.